శుక్తిమతీ కోలాహల వివాదము - భూతవైరమునకు నిమిత్తవిచారము

ప్రబంధములయందుఁ బంచభూతములు ఒండొంటితోఁ బోరాడుట తఱచు. నిప్పు నీటికి లోఁబడును, దీపము గాలికి జడియును, కొండ పిడుగునకు వ్రయ్యలగును; ఇట్టి వర్ణనము లేని ప్రబంధ మరుదు. కాని యీ పగ భూతముల స్వభావమునఁ బుట్టినదా, లేక కవి చూపిన నిమిత్తమువలనఁ గలిగినదా యను ప్రశ్నము వసుచరిత్రమును బోధించునపుడు సామాన్యముగా విడిచిపెట్టఁబడుచున్నది. శ్లేషకు రెండర్థములు చెప్పి, అలంకారమునకుఁ బేరు పెట్టి, ముందునకు సాగుట వాడుకయైనది. శుక్తిమతీనదికిని కోలాహలపర్వతమునకును జరిగిన వివాదము నిట్లు చదువుటచేత ఆ ఘట్టముయొక్క ప్రాణమే జాఱిపోవుచున్నది.

ముందుగా శబ్దశాస్త్రము నడుగవలెను. శాశ్వతమైన విరోధము కలవానిని జెప్పు పదములు ద్వంద్వసమాసమున ఏకవద్భావమును బొందునని పాణిని (2-4-9) విధించినాఁడు. పామునకును ముంగిసకును, పిల్లికిని ఎలుకకును గల వైర మిట్టిది; కావుననే అహినకులము, మార్జారమూషకము అని యేకవచనము. దేవతలకును అసురులకును ఎన్ని యుద్ధములు జరిగినను దేవాసురులని బహువచనమే ప్రసిద్ధమైన ప్రయోగము. పాలకడలిని ద్రచ్చునపుడు ఆ యుభయులును ఒక్క త్రాటినే పట్టిరి గదా! మఱి జలానలములమాట యేమి? ఆ ద్వంద్వమునకు ఏకవచనము వచ్చినచో, ప్రాణులు కాని వస్తువుల జాతిని జెప్పు పదములకు విధింపఁబడిన సూత్రము (2-4-6) చేత రావలెను గాని విరోధముచేత రాదు. శీతోష్ణములవంటి విరుద్ధగుణములకు వేఱొక సూత్రము (2-4-13) కలదు. అదియు ద్రవ్యమును జెప్పుపట్లఁ బ్రవర్తింపదు. చల్లదనమునకును వేఁడిమికిని విరోధమును శాస్త్ర మంగీకరించినది. ఆ గుణములు గల నీళ్ళను జెప్పునపుడు ఆ యేకవచనమును వారించినది.

నదీపర్వతముల సంగతి యింకను చిత్రము. భిన్నలింగములు గల నదీనామములకు ఏకవద్భావము కలదు (2-4-7); గంగాశోణము అందుల కుదాహరణము. పర్వతములకు మాత్ర మా సూత్రము వర్తింపదని కాశికావృత్తి స్పష్టముగాఁ జెప్పి, కైలాసగంధమాదనములను ద్వివచనమునఁ జూపినది. అనఁగా శుక్తిమతిని కోలాహలమును ఒక్క సమాసమునఁ గూర్చినను అవి రెండుగనే నిలుచును. వ్యాకరణము వాని నొక్కటిగాఁ జేయదు. పుట్టుపగ కలవనియుఁ జెప్పదు. చెప్పవలసిన భారము కవిమీఁదనే పడుచున్నది.

తైత్తిరీయోపనిషత్తునందలి సృష్టిక్రమమును జూచినను ఈ మాటయే బలపడును. ఆకాశమునుండి వాయువు, వాయువునుండి అగ్ని, అగ్నినుండి జలము, జలమునుండి పృథివి కలిగినవని యందుఁ గలదు. ఈ వంశమున అగ్ని జలమునకు జనకస్థానము, పృథివి జలమునకు సంతానము. కన్నవారికిని బిడ్డలకును పుట్టుకచేతఁ బగ యనుట కుదురదు. మేఘమనఁగా పొగయు వెలుఁగును నీరును గాలియుఁ గూడిన రాశియే యని కాళిదాసు మేఘదూతమున చెప్పినాఁడు. ఆ రాశిలో మెఱుపును చినుకును ఒక్క గర్భమునుండియే వెలువడుచున్నవి. బడబాగ్ని సముద్రమునకు శత్రువు కాదు, సముద్రము లోపలి కాఁపురస్థుఁడు. అమరసింహుఁడు అగ్నికి వాయుసఖుఁడని పేరు పెట్టినాఁడు. వాయువునకు సఖుఁడని తత్పురుషము చేసి సమాసాంతప్రత్యయము (5-4-91) చేర్చినఁ గాని యీ యకారాంతరూపము సిద్ధింపదు. కాఁబట్టి నిప్పు గాలికిఁ జెలికాఁడు. కాని అడవిని గాల్చునపుడు తోడుపడిన గాలియే యింటిలోని దీపము నార్పును. అదే గాలి, అదే నిప్పు. బలాబలములు మాఱఁగా చెలిమి పగయైనది. భూతములకు వైరము స్వాభావికము కాదు, నైమిత్తికము. ఆ నిమిత్తమును జూపఁగల్గిన కవియే భూతవివాదమును వర్ణింప నర్హుఁడు; చూపనివాఁడు విరోధాభాసమను నలంకారమును వ్రాసినవాఁ డగును గాని కథ చెప్పినవాఁడు కాఁడు.

ఇతిహాసకవు లీ రహస్యము నెఱుఁగుదురు. భారతాదిపర్వమున ఖాండవదహనముకన్న ఘోరమైన జలాగ్నిసంగ్రామము వేఱొకటి లేదు. క్రింద మంటలు, మీఁద ఇంద్రుఁడు కురిపించు వాన, నడుమ అర్జునుని బాణములు. అయినను నిప్పు నీటిపైఁ బగపట్టినందున నది జరుగలేదు. శ్వేతకి సత్రయాగమునఁ ద్రావిన నేతిచేత అగ్నికి అజీర్ణము కలిగినది, దానికి మందు ఖాండవము. ఆ వనమున ఇంద్రునకు మిత్రుఁడైన తక్షకుఁడు కాఁపురమున్నాఁడు. ఒకని రోగము, ఒకని స్నేహము: ఈ రెండు నిమిత్తములును లేకున్న ఆ యుద్ధమే లేదు. రామాయణయుద్ధకాండమున సముద్రునిపై రాముఁడు బాణము నెక్కుపెట్టినపుడు సముద్రుఁడు చెప్పిన సమాధాన మింకను గంభీరము. పృథివియు వాయువును ఆకాశమును జలమును జ్యోతియు తమతమ స్వభావమున నిలిచి శాశ్వతమైన త్రోవను బట్టియుండుననియు, లోఁతు తన స్వభావమనియు నతఁడు విన్నవించినాఁడు. స్వభావమున నిలుచుటయు విరోధించుటయు వేఱువేఱని యా సమాధానముయొక్క సారము. దారి కావలసినవాఁడు రాముఁడు. పగ పుట్టినది అక్కడ.

ఇఁక వసుచరిత్రము. భట్టుమూర్తియని ప్రసిద్ధుఁడైన రామరాజభూషణుఁడు దీనిని రచించి, 1565వ సంవత్సరపు రాక్షసితంగడి యుద్ధమునకుఁ బిదప పెనుగొండనుండి యేలిన తిరుమలదేవరాయల కంకిత మిచ్చినాఁడు. ఇతని నివాసము కడపమండలమునఁ బులివెందుల ప్రాంతమునందలి భట్టుపల్లె యని కవిచరిత్రకారులు చెప్పుదురు. కథకు మూలము భారతాదిపర్వమునందలి యుపరిచరవసువు వృత్తాంతము. సంస్కృతమున నది కొలఁది శ్లోకములలో ముగియును. నన్నయయు విరివిగాఁ బెంచలేదు. చేదిరాజైన వసువు పురముచెంతఁ బ్రవహించు శుక్తిమతిని కోలాహలమను పర్వత మడ్డగించినది. వసువు దానిని కాలఁదన్నినాఁడు. ఆ దెబ్బకు ఏర్పడిన రంధ్రముగుండ నది వెలువడినది. పర్వతమువలనఁ దనకుఁ గలిగిన కవలను నది రాజునకు సమర్పించినది. కుమారుఁడు సేనాపతి యయ్యెను, కుమారి గిరిక మహిషి యయ్యెను.

ఇంతటి సంక్షేపమునందును వ్యాసుఁడు రెండు విశేషణములను విడువలేదు. ఆ పర్వతము చైతన్యము కలది యని యొకటి. కామమువలన నడ్డగించినదని రెండవది. పైపెచ్చు, మన ‘అఁట’కు సరియైన ఐతిహ్యబోధకమగు నవ్యయమును గూడఁ జేర్చి, తాను విన్న కథనే చెప్పుచున్నట్లు కొంచెము దూరముగా నిలిచినాఁడు. కొండ నీటి కడ్డుపడుట లోకమున నిత్యదృష్టము, అందుఁ గథ లేదు. కామమువలన నడ్డుపడుటయే కథ. నిమిత్తము చెప్పఁబడినది, భూతము పాత్రమైనది. అచేతనములను చేతనములవలెను, చేతనములను అచేతనములవలెను నడపుట సుకవి స్వాతంత్ర్యమని ధ్వన్యాలోకము చెప్పుచున్నది. ఆ స్వాతంత్ర్యమునకు నిమిత్తమే పగ్గము.

రామరాజభూషణుఁడు ఈ బీజమును బెంచిన తీరును బరీక్షింప నామముల వ్యుత్పత్తి మొదటి సాధనము. కదలనిది అచలము, పోనిది నగము. ప్రవహించునది సరిత్తు, పల్లమునకుఁ బోవునది నిమ్నగ. పేళ్ళయందే కదలికయు కదలమియు నెదురుబొదురుగా నిలిచియున్నవి. కథ యీ పేళ్ళను దలక్రిందులు చేసినది: కదలరానిది కామముచేఁ గదలి వచ్చినది, ఆఁగరానిది దానిచే నాఁగినది. ధ్వని చేయునది గావున నది యనఁబడుచుండఁగా, మౌనముగా నుండవలసిన కొండకుఁ గోలాహలమని పేరు. శుక్తిమతి యనునది మతుబంతము, ముత్యపుఁజిప్పలు గలది యని యర్థము. సంతానమును గర్భమున దాఁచుకొనఁబోవు నదికి ఇంతకన్నఁ దగిన పేరు కల్పింప నెవ్వరివశము? (గిరికా శబ్దమునకు అమరమున చుంచెలుక యనియు నర్థము కలదు. శ్లేష కనఁబడినచో విడువని యీ కవి యీ యొక్కచోట విడిచిన పుణ్యము కట్టుకొన్నాఁడు.)

రెండవ సాధనము శ్లేష. జీవనము నీరును బ్రదుకును, రసము నీరును శృంగారాదియు, గోత్రము కొండయు వంశమును, వాహిని యేఱును సేనయు, పాదము అడుగును కొండచఱియయు నగుచున్నవి. ఇట్టి పదములు ప్రబంధకవులందఱకును సొమ్మే. వానిలో నీ కథకుఁ గీలకమైనది భూభృచ్ఛబ్దము. భూమిని భరించువాఁడని రాజునకును కొండకును అది సమానము. ఈ యొక్క పదముచేత వివాదము జలభూముల చేతినుండి తప్పి ఇరువురు భూభృత్తుల చేతిలోఁ బడుచున్నది. ఒక భూభృత్తు నీటిని బంధించినాఁడు, ఒక భూభృత్తు విడిపించినాఁడు. ఇరువురును భూమిని మోయువారే, ఇరువురును కామమునకు లోఁబడినవారే. ఏలయన వసువును ఆ కొండబిడ్డనే వలచినాఁడు. భేదమెక్కడ? కోలాహలుఁడు త్రోవ కడ్డము పడినాఁడు. వసువు మాఱువేషమున చెలికానిని బంపి, కన్యవృత్తాంతమును దెలిసికొని, విరహమున వేఁగి, పెండ్లిమాటలు ముగియుదాఁక వేచినాఁడు. ప్రబంధమున వసుగిరికల ప్రణయము అంత నిదానముగా సాగుటకు విమర్శకులు కొందఱు విసుగుకొనుట కలదు. ఆ నిదానము వర్ణనవ్యామోహమువలననే వచ్చినది కాదు. కోలాహలుని తొందరకు అది ప్రత్యుత్తరము.

ఇచ్చటనే రసవిచారము ముఖ్యమగుచున్నది. కోలాహలుఁడు శుక్తిమతిని గోరుట శృంగారమని చెప్పి విద్యార్థులకు విభావానుభావములు పంచిపెట్టు పండితులు కలరు. అది యుక్తము కాదు. అనురాగ మొక్కరియందే యున్నచోట రసము కాదు, రసాభాసమని ఆలంకారికుల సిద్ధాంతము. కావ్యాలంకారసంగ్రహమును రచించిన రామరాజభూషణునకు ఈ లక్షణము తెలియదనుట సాహసము. కవలలు పుట్టిరి గావున ఉభయానురాగమును ఊహింపవచ్చునని యొక సమాధానము వినఁబడును. సంతానము అనురాగమునకు సాక్ష్యము కాదు. మూలమున నది దేనికి సంతోషించినదో వ్యాసుఁడు విప్పి చెప్పినాఁడు: విడుదలకు. సంగమమునకుఁ గాదు. ఈ మాట యుండఁగా శృంగారమను వాదము నిలువదు. ఎదిరి యొల్లమిని లెక్కసేయని కోరిక యొక కొండవలె నడ్డుపడఁగా, దానిని దాఁటి, ఆ బలాత్కారమునఁ బుట్టిన బిడ్డయే ధర్మ్యమైన ప్రణయమునకు నాయిక యగుట కావ్యసంవిధానము. రసాభాసము ముందు నిలిచి రసమునకు వన్నె తెచ్చినది. మొదటిదానినిగూడ శృంగారమే యన్నచో రెండవదాని వెల తగ్గిపోవును.

కవియందు లోపము లేదని చెప్పుట యిచ్చట నుద్దేశము కాదు. శ్లేష మిక్కుటమైనచోట నదియొక్క కినుకయు ముద్దుమాటవలె వినఁబడును. రెండర్థములను ఒక్కసారి పట్టుకొనఁబోయిన పాఠకునకు నది పడిన బాధమీఁద దృష్టి నిలువదు. వసుచరిత్రమున నీ యపాయము అక్కడక్కడ మాత్రమే కలదు. పిల్లవసుచరిత్రములని పేరువడ్డ యనుకరణములలో నదియే సర్వస్వము. వారు శ్లేషను గైకొనిరి, నిమిత్తమును విడిచిరి.

కడపసీమవారికి ఈ ఘట్టముపై మఱియొక మమకారము కలదు. పెండ్లిమఱ్ఱికిఁ బడమట వేంపల్లె, దాని చేరువ గండిక్షేత్రము. అచ్చట పాపఘ్నీనది రెండు కొండల నడుమ సందు చేసికొని వెలువడును. ఉత్తరమున జమ్మలమడుగు ప్రక్క గండికోటయొద్ద పెన్న యెఱ్ఱమలలను నిలువునఁ జీల్చుకొని పాఱును. పులివెందుల సీమకవి ఈ గండ్లను జూచియే కోలాహలభేదనమును వర్ణించెనని చెప్పుకొనుట యింపుగనే యుండును. కాని కథ భారతమునుండి వచ్చినది, కొండయు నేఱును జేదిదేశమువి. జన్మస్థలమును బట్టి కావ్యమునకు మూలము వెదకుట ప్రమాణము కాదు. పాఠకునకు మాత్రము ఈ సీమ యొక సాధనము నిచ్చుచున్నది, అది కవి చూచినను చూడకున్నను చెల్లును.

గండి యను మాటనే చూడుఁడు. చెఱువుకట్టకు గండి పడినదన్నచో ఊరికి ఉపద్రవము. కొండకు గండి పడినదన్నచో త్రోవ. రెండింటను మట్టిని నీరు గెలిచినదే. ఒకచోట అది శోకము, ఒకచోటఁ దీర్థము. భూతములకు పగ లేదు, నిమిత్తమే కలదని శాస్త్రములు చెప్పినదానిని రాయలసీమ రైతు ఒక్క తెలుఁగుమాటలో దాఁచియుంచినాఁడు.

కొండను వసువు ఒక్క తాపుతోఁ జీల్చినాఁడు. గండికోటయొద్ద ఆ పనిని నీరు తానే యుగయుగములుగాఁ జేసినది. ఆ సీమరాళ్ళు నూఱుకోట్ల యేండ్లకు మించిన ప్రాచీనములని భూతత్త్వజ్ఞులు చెప్పుదురు. కడపశిలలలో నడుగుననున్న వర్గమునకు వారు పాపఘ్నీవర్గమనియు, అందొక సంస్తరమునకు వేంపల్లె యనియుఁ బేళ్ళు పెట్టిరి. ఏటిపేరు ఱాతికి వచ్చినది! కవి యిట్టి శ్లేషను దలఁచియుండఁడు. నేఁడు గండికోటయొద్దనే సుమారు 26.85 శతకోటి ఘనపుటడుగుల నీటిని నిలుపు జలాశయము కలదు. వసువు కాలఁ దన్నినదానిని నేఁటివారు చేతులార కట్టుకొనిరి. ఏఁటిలో పెక్కుకాలము ఇసుకయే కనఁబడు ఈ సీమలో దానిని దప్పనువారును లేరు. నిమిత్తము మాఱినది.

గండిక్షేత్రపు స్థలకథయు నిచ్చటఁ దలఁపఁదగినది. ఆ కొండలు శేషాచలశ్రేణిలోనివి. వాయువును ఆదిశేషుఁడును బలగర్వమునఁ బంతగించుకొనఁగా ఎగిరివచ్చి పడిన గిరిఖండమే శేషాచలమని వేంకటాచలమాహాత్మ్యకథ. ఆ వాయువే గండియందు తపస్సు చేసికొనుచు రామున కాతిథ్య మిచ్చెననియు, రెండు కొండలకు నడుమ బంగారుతోరణము గట్టెననియు, రాముఁడు బాణాగ్రముతో ఱాతిపై ఆంజనేయుని రూపమును వ్రాసి చిటికెనవ్రేలిని ముగింపకయే వెడలెననియు నచ్చటివారు చెప్పుదురు. ఒక కథలోఁ గొండను విసరిన గాలి, మఱియొక కథలోఁ గొండకుఁ దోరణము గట్టినది. నడుమ నేఱు నెవ్వరును అడ్డగింపలేదు. గర్వము నిమిత్తమైనపుడు పోరు, అతిథి నిమిత్తమైనపుడు అలంకారము.

పాపఘ్నీ శబ్దము సిద్ధించిన విధము కావ్యమునకుఁ దిరిగి త్రోవ చూపును. పాపమును హరించునదను నర్థమున హన్ధాతువునకుఁ బ్రత్యయము చేర్చు సూత్రము (3-2-53) కర్త మనుష్యుఁడు కానిచోటనే ప్రవర్తించును. చేతిరేఖయు, మందును, నదియు నిట్టి కర్తలు. మనుష్యత్వము లేకున్నను కర్తృత్వమునకు లోటు లేదని శాస్త్ర మొప్పుకొన్నది. స్వతంత్రమైనది కర్త (1-4-54). ఈ కన్నుతో మూలకథను మరల చదువవలెను. అడ్డగించుటలోఁ గర్త పర్వతము, కర్మ నది. తన్నుటలోఁ గర్త వసువు, కర్మ పర్వతము, కరణము పాదము. నది కా వాక్యమున నే కారకత్వమును లేదు. బిడ్డలను బుట్టించుటయందును పర్వతమే కర్త, నది యధికరణమాత్రము. శుక్తిమతి తాను గర్తగా నిలిచిన క్రియలు ముఖ్యముగా రెండు: రంధ్రమునుండి వెలువడుట యొకటి, బిడ్డలను రాజునకు సమర్పించుట యొకటి. ఆ రెండవ వాక్యమున రాజు సంప్రదానము. ఇచ్చునది నది, పుచ్చుకొనువాఁడు భూభృత్తు. శృంగారవ్యాఖ్యానము సామాన్యముగా త్వరపడి దాఁటిపోవు వాక్య మదియే.